గంజి ఎవరు పోశారు

నిన్న ఉదయం ఎనిమిదీ నలభైకి పక్కింటి పాప స్కూలు ఆటో ఎక్కింది. ఒళ్ళో థర్మకోల్ రాజమహలు ఉంది. మూడో తరగతి చదువుతోంది. మహలుకి నాలుగు బురుజులు, గుమ్మం ముందు ప్లాస్టిక్ ఏనుగు, పైన మెరుపు కాగితం. ఏ రాజుదమ్మా అని అడిగాను. ప్రాజెక్టు అంది. మళ్ళీ అడిగితే వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మకీ తెలియదు. ట్రంకు రోడ్డులో ఫ్యాన్సీ షాపు ముందు ఇవి వరసగా పేర్చి ఉంటాయి. అదే మహలు ఒక స్కూల్లో విజయనగరం, ఇంకో స్కూల్లో తంజావూరు. దానికి మార్కులు కూడా ఉన్నాయట. అవి ఎవరికి వేస్తారో నేను అడగలేదు.

ఇది చూసి మా రోజుల్లో అయితే అని మొదలుపెట్టే ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళతో నాకు పొసగదు. మా ఊళ్ళో చరిత్రని పిల్లల చేతులతో చేయించిన అయ్యవారు ఒకరుండేవారు. నేను ఆయన దగ్గరే నాలుగు తరగతులు చదివాను. ఆయన్ని ఊరు ఏం చేసిందో గుర్తుంది కాబట్టి, ఆ రోజుల మీద నాకు మోజు లేదు.

మా ఊరు కోట అనే పెద్ద ఊరికి తూర్పున, ఉప్పుకాలువ పక్కన. కాలువకి పడమటి గట్టున రైతుల ఇళ్ళు. తూర్పు గట్టున, సముద్రం వైపు, చేపలు పట్టేవాళ్ళ కుప్పం. బడి పడమటి గట్టు మీద ఉండేది. కుప్పం పిల్లలు పడవ దాటి వచ్చేవాళ్ళు. మాది దూది ఏకే ఇల్లు, ఊళ్ళో ఒకే ఒక్క సాయిబుల ఇల్లు. నాయన పెద్ద విల్లు పెట్టి దూది ఏకుతుంటే ఇల్లంతా తెల్లటి నలుసులు ఎగిరేవి. నాయన తల్లి, మా జేజి, కొంగు ముక్కుకి చుట్టుకుని, వండిన కూరలో దూది పడిందని తిట్టేది. రైతులకి పరుపులు మేమే కుట్టేవాళ్ళం, కుప్పంలో పెళ్ళిళ్ళకి దిండ్లూ మేమే. అందుకని రెండు గట్లకీ మాతో పని ఉండేది. ఏ గట్టూ మాది కాదు.

బడికి ఒక గది, ఒక అయ్యవారు. ఆయనది బుచ్చిరెడ్డిపాళెం వైపు. సన్నటి మనిషి, మాట్లాడే ముందు గొంతు సవరించుకునేవారు. పైనుంచి వచ్చిన చరిత్ర పుస్తకంలో రాజుల బొమ్మలుండేవి. అందరికీ ఒకే ముఖం, కిరీటాలే వేరు. ఆయన ఆ పుస్తకం తెరిచి చదివించేవారు, మూసేవారు. ఆ తర్వాత అసలు పని మొదలయ్యేది.

గూడూరు వైపు కాకిబంగారం, అంటే అభ్రకం, గనులు ఉన్నాయి. కంపెనీవాళ్ళకి పనికిరాని ముక్కలు రోడ్డు పక్కన గుట్టలుగా పోసేవాళ్ళు. నాయన దూది కోసం గూడూరు వెళ్ళినప్పుడు, అయ్యవారు అడిగారని, ఒక గోతాం నిండా ఆ ముక్కలు బండిలో వేసుకొచ్చేవాడు. వాటిని పొరలుగా విడదీయడం మాకు చేతిపని. అంచుని నీళ్ళలో నానబెట్టి, సూదితో సందు చేసి, నోటితో ఊదితే పొర లేచేది. అవతలి వేలిముద్ర కనపడేంత పలచటి పొర ఎవరికి వస్తే వాళ్ళ బొమ్మకి ముందు చోటు. మేకుతో పొర మీద బొమ్మ గీరి, దీపపు మసిలో తుమ్మబంక కలిపి రుద్ది తుడిస్తే, గీతల్లో మాత్రం నలుపు నిలిచేది. తెచ్చిన తుమ్మబంకలో సగం మా కడుపుల్లోకి పోయేది. రాలిన పొట్టుని పడమటి గట్టున ఉండే పంచాయతీ ప్రెసిడెంటు మనవడి జుట్టులో చల్లేవాళ్ళం. వాడు ఎండలో తళతళలాడుతూ ఇంటికి పోతే వాళ్ళవ్వ దిష్టి తీసేది.

దక్షిణపు గోడకి చిన్న కంత ఉండేది. బయట ఎండలో మంగలి అద్దం ఒకటి నిలబెట్టి, వెలుగు కంతలోకి పడేటట్టు వంచేవాళ్ళం. కంత లోపలివైపు బొమ్మ పొర, దాని ముందు అయ్యవారి భూతద్దం. కిటికీ సందుల్లో మా ఇంటి పాత దూది కూరితే గది చీకటయ్యేది. ఉత్తరపు గోడకి సున్నం కొట్టి ఉండేది. మా అరచేతిలో పట్టే బొమ్మ ఆ గోడ మీద మనిషి ఎత్తు లేచేది. మొదటిసారి చూసినప్పుడు ఆడపిల్లల వరసలో నా పక్క కూర్చునే పిల్ల నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కుప్పం పిల్ల. బొమ్మలు గీయడంలో మాలో ఎవరూ ఆమెకి సాటి కాదు. ఆమె ఒంటికి ఎండుచేపల వాసన, నా ఒంటికి పాత పరుపుల వాసన. ఎవరికీ పట్టేది కాదు.

ఏ బొమ్మలు గీయాలో అయ్యవారు చెప్పేవారు కాదు. ఒక సంగతి ఇచ్చి ఇళ్ళకి పంపేవారు.

"మూడిళ్ళలో అడిగి రండి. మూడిళ్ళలోనూ ఒకటే చెప్తే నా దగ్గరికి రావద్దు. మళ్ళీ పోయి అడగండి."

ఆ ఏడాది ఆయన ఇచ్చిన సంగతి కాలువ. ఉప్పుకాలువని మా వైపు తెల్లదొరల కాలంలో, ధాత కరువులో తవ్వారని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. కూలికి మట్టి మోసినవాళ్ళకి గట్టు మీద గంజి పోశారని కూడా చెప్పేవాళ్ళు. గంజి ఎవరు పోశారు అన్నది మేం అడగాల్సింది.

ప్రెసిడెంటు ఇంట్లో ఆ ప్రశ్న అడిగితేనే నవ్వారు. ఇంకెవరు, మా తాత, అన్నాడు ప్రెసిడెంటు. పెద్ద గంగాళాలు పెట్టి, తలపాగా చుట్టుకుని, తానే గరిట పట్టుకుని పోశాడట. కుప్పంలో నా స్నేహితురాలి అవ్వ ఒప్పుకుంది. గంజి వాళ్ళదే, అయితే అందులోకి నంజుకోవడానికి ఎండుచేపలు మాయి, బుట్టలకి బుట్టలు గట్టున పెట్టినాం, వాళ్ళూ తిన్నారు, అంది. మా ఇంట్లో జేజి విసుక్కుంది. మేమప్పుడు ఈ ఊళ్ళోనే లేము, నన్నడిగి ఏం లాభం అంది. తర్వాత అడగకుండానే చెప్పింది.

"బియ్యం దొర పంపించినాడంట. పోసినోడూ కూలోడే, తాగినోడూ కూలోడే. గంజిలో ఉప్పు ఉన్నిందా లేదా అని అడుగు మే, అది అడిగినోళ్ళు ఎవురూ లేరు."

ఈ మూడూ విని అయ్యవారు చాలా సంతోషించారు. ఆయన అంత సంతోషించడం మేం ఎప్పుడూ చూడలేదు. మూడూ గీయండి అన్నారు. బియ్యం బస్తాల పడవ నేను గీశాను. గంజి బొమ్మ నా స్నేహితురాలికి ఇచ్చారు. పడమటి గట్టున గంగాళం పక్కన తలపాగా మనిషి గరిట పట్టుకుని ఉంటాడు. ఎండిన కాలువ గుంట అవతల, తూర్పు గట్టున, ముంతలు పట్టుకుని జనం. వాళ్ళ కాళ్ళ దగ్గర చేపల బుట్టలు. ఆ బుట్టలు చిన్నవి, కానీ అల్లిక కూడా గీసింది.

అప్పటికి మా బడిలో నాలుగో తరగతి వరకే ఉంది. ఐదు చదవాలంటే కోట పోవాలి. రైతుల మగపిల్లలు పోయేవాళ్ళు. నా స్నేహితురాలి నాయన ముందే చెప్పేశాడు: ఐదు ఈడనే పెడితే సదువుకో, కోటకైతే పంపేది లేదు. అయ్యవారు రెండేళ్ళుగా ఐదో తరగతి కోసం తిరుగుతున్నారు. రెండో అయ్యవారిని ఇవ్వాలంటే ఇంకో గది ఉండాలి, పిల్లల సంఖ్య ఉండాలి. గది ఇస్తానని ప్రెసిడెంటు మాట ఇచ్చాడు, బాట పక్కన ఆయనకి ఒక కొట్టం ఉంది. పిల్లల్ని పంపిస్తానని కుప్పం పెద్దకాపు మాట ఇచ్చాడు. కుప్పంలో ఆయన మాటే చట్టం. ఇక డిప్టీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి రాయడమే మిగిలింది. నా స్నేహితురాలు ఐదో తరగతిలో ఎక్కడ కూర్చోవాలో కూడా అనుకుని పెట్టుకుంది. కొట్టంలో తలుపు పక్కన. వెలుగు బాగా వస్తుందట.

ఇన్‌స్పెక్టరు మాఘమాసంలో ఒకనాటి పొద్దున్నే వచ్చాడు. ముందు ప్రెసిడెంటు ఇంట్లో ఇడ్లీలు తిన్నాడు. బడికి వచ్చి, అశోకుడు రోడ్ల పక్కన ఏం నాటించాడు అని అడిగాడు. చెట్లు అన్నాం అందరం. ఆయనకి అంతే కావాలి. తకిలీలు తిప్పించి నూలు చూశాడు. తర్వాత అయ్యవారు గొంతు సవరించుకుని, పిల్లలు ఊరి చరిత్ర బొమ్మలు చేశారు, చూడండి అన్నారు.

ఊరి పెద్దలూ వచ్చారు. బెంచీల మీద ప్రెసిడెంటు, రైతులు. చాపల మీద పెద్దకాపు, కుప్పంవాళ్ళు. అందరూ ఉత్తరపు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. అంటే వాళ్ళకి కుడిచేతి పక్క తూర్పు, సముద్రం. మా ఊళ్ళో ఎవరికైనా దిక్కులు శరీరంలోనే ఉంటాయి. పళ్ళెంలో ఉప్పు కావాలన్నా, కొంచెం సముద్రం పక్కకి జరుపు అనేవాళ్ళు.

మొదట తుపాను బొమ్మ, తర్వాత నా పడవ బొమ్మ పడ్డాయి. అందరూ బాగుందన్నారు. ఇన్‌స్పెక్టరు కునుకు తీస్తున్నాడు. ఆ తర్వాత అయ్యవారు గంజి బొమ్మ పెట్టారు. భూతద్దం బొమ్మని తలకిందులు చేస్తుంది కాబట్టి పొరని తలకిందులుగా పెట్టాలి. అయితే చక్రంలా తిప్పి పెట్టాలి గాని, క్యాలెండరు కాగితంలా కింది అంచు పైకెత్తి బోర్లించి పెట్టకూడదు, కుడి ఎడమలు తారుమారవుతాయి. కాకిబంగారానికి ముందూ వెనకా ఒకటే, చూస్తే తేడా తెలియదు. అందుకే మూలన కుంకుమ చుక్క పెట్టుకునేవాళ్ళం. ఆ పూట అయ్యవారి చేతి చెమటకి చుక్క చెరిగిపోయింది. ఆయన బోర్లించి పెట్టారు.

గోడ మీద తలపాగా మనిషి సముద్రం పక్కన నిలబడ్డాడు. ముంతలు పట్టుకున్న జనం పడమటి గట్టున ఉన్నారు.

 చాపల మీద నుంచి ఒక ముసలాయన, "అది మన పెద్దకాపు తాత గదరా, తలపాగా సూడు" అన్నాడు. కుప్పంవాళ్ళు నవ్వారు. ఒకడు, అయితే ఆ ముంతలోళ్ళు ఎవురు మావా అని తెలియనట్టు అడిగాడు. ఇంకా నవ్వారు.

ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. అరవలేదు.

"అయివోరా, ఎవురికి ఎవురు పోసినారు గంజి? మీరు ఏం నేర్పిస్తాండారు బిడ్డలకి?"

అయ్యవారు పొరపాటైందని, బోర్లా పడిందని చెప్పి, పొర తీసి సరిగ్గా పెట్టారు. ఇప్పుడు తలపాగా పడమటికి వచ్చింది, ముంతలు తూర్పుకి. బెంచీలవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. చాపల మీద నవ్వు ఆగిపోయింది. ఈసారి పెద్దకాపు లేచాడు. కండువా తీసి భుజం మార్చుకున్నాడు.

"ముంతలు పట్టుకోనుండేది మేమా? మా బిడ్డ చేత్తోనే మమ్మల్ని అడుక్కునేవోళ్ళను చేసి, దొర ముందర గోడకెక్కించినావా అయివోరా?"

ఆకలైనప్పుడు ఎవరో పోశారు, ఎవరో తాగారు, రెండిట్లోనూ సిగ్గు లేదు అని అయ్యవారు అంటున్నారు. ఎవరూ వినలేదు. చాపలు ఖాళీ అయ్యాయి. వాళ్ళు పోయారు కాబట్టి తాము కూర్చుంటే చిన్నతనమని బెంచీలూ ఖాళీ అయ్యాయి. కాళ్ళ దగ్గర బుట్టలు ఉన్నాయని, ఆ గట్టువాళ్ళూ ఇచ్చారని, ఒక్కరూ చూడలేదు. నా స్నేహితురాలు కంత పక్కనే నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు లేచి, ఇదంతా ఎందుకండీ, అశోకుడి పటం ఒకటి తగిలించకపోయారా అన్నాడు.

అయ్యవారికి పౌరుషం లేదని తర్వాత ఊళ్ళో అన్నారు. నిజమే, ఆయనకి గది కావాలి. ప్రెసిడెంటు ఇంటికి పరుపు ఇవ్వడానికి నాయనతో వెళ్ళినప్పుడు ఆయన్ని అక్కడ చూశాను. ఉయ్యాల ముందు నిలబడి ఉన్నారు. తప్పు నాదే, మన్నించండి అన్నారు. ప్రెసిడెంటు ఉయ్యాల ఊగుతూనే, ఒప్పుకున్నావు గదా, సంతోషం అన్నాడు. ఈ ఏడు కొట్టంలో వడ్లు పోసుకున్నాం అయివోరా, గది కుదరదు అన్నాడు. కొట్టం ఖాళీగా ఉందని మాకందరికీ తెలుసు, అందులో మేం దాగుడుమూతలు ఆడేవాళ్ళం. అటునుంచి అయ్యవారు పడవెక్కి కుప్పం పోయారు. బొమ్మ బోర్లా పెట్టినందుకు ఇక్కడ మన్నించమని, సరిగ్గా పెట్టినందుకు అక్కడ మన్నించమని అడిగారు. పెద్దకాపు విన్నాడు. పిల్లకాయలు బడికి పోతే చేపలు ఎండేసేదెవురు అన్నాడు.

మా బడిలో పదిన్నరకి పాలు పోసేవాళ్ళు. అమెరికా నుంచి వచ్చిన పొడి, వేడినీళ్ళలో కలిపితే తడి సున్నం వాసన వచ్చేది. మేం పొడిగానే బొక్కేవాళ్ళం. అది అంగిలికి అతుక్కుపోయి, అయ్యవారు ప్రశ్న వేస్తే నోరు తెరవలేక దొరికిపోయేవాళ్ళం. ఆ గొడవ జరిగిన మరునాడు కూడా పాలు పోశారు. ప్రెసిడెంటు మనవడూ, పెద్దకాపు మనవడూ ఒకే వరసలో గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ ఇళ్ళనుంచి ఎవరూ వచ్చి అడ్డం చెప్పలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని దేశంవాళ్ళు పోసిన పాలకి రెండు గట్లలో ఎవరికీ సిగ్గు వేయలేదు. తాతలు చచ్చి అంతకాలమైన తర్వాత, వాళ్ళు తాగిన గంజికి మాత్రం సిగ్గు వేసింది.

ఐదో తరగతి రాలేదు. వేసవి సెలవుల తర్వాత అయ్యవారూ రాలేదు, ఎక్కడికో మార్చారు. వచ్చిన కొత్తాయన కంతకి మట్టి మెత్తించాడు, గాలి వస్తోందని.

నన్ను నాయన గూడూరులో మేనత్త ఇంటికి పంపించాడు. ఆడపిల్లని సదివించి ఏం జేస్తావురా అని జేజి గొణిగింది గాని, బయల్దేరే రోజు రొట్టెలు చేసి మూట కట్టింది. పోయొస్తానని చెప్పడానికి నేను వెళ్ళేసరికి నా స్నేహితురాలు గుడిసె ముందు ఇసకతో కాకిబంగారం పొర తోముతోంది. గంజి బొమ్మ. అయ్యవారు పోతూ ఆమెకే ఇచ్చారట. మసి దాదాపు పోయింది. లాంతరు గాజు పగిలిపోయింది, అడ్డం పెట్టుకోవడానికి అమ్మ అడిగింది, అంది. నేనూ కూర్చుని ఇంకో మూల తోమాను. వాళ్ళ నాయన పక్కనే వల బాగు చేసుకుంటూ, సదువు అయిపోయిందిలే, ఇంక పనికి పనికొచ్చుద్ది అన్నాడు. అది పొర గురించో కూతురి గురించో ఇద్దరం అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఆమెని కోట సంతలో చూశాను. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను అప్పటికి. ఆమె గోతాం మీద ఎండుచేపలు పోసుకుని కూర్చుంది. నేను గుర్తుపట్టకముందే ఆమె గుర్తుపట్టింది. పిల్లల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. మధ్యలో చేపలు తూస్తూ అడిగింది.

"ఐదులో ఏం జెప్తారు మే?"

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గూడూరు బడిలో ఐదో తరగతిలో చెప్పింది ఒక్కటీ గుర్తుకు రాలేదు. అదే చెప్పాను. ఆమె నమ్మలేదు. సదివినోళ్ళు అట్నే అంటారు అంది.

తర్వాత కుప్పం కబుర్లు చెప్పింది. ఆమె మనవళ్ళు, వాళ్ళ ఈడు పిల్లలు, కరువులో పడమటి గట్టువాళ్ళకి తమ తాతలే గంజి పోశారని చెప్పుకుంటారట. పెళ్ళిళ్ళలో, పంచాయితీల్లో ఆ మాట వస్తుందట. బడి గోడ మీద గవర్నమెంటు ఆఫీసరు ముందరే చూపించారని, అది రుజువని అంటారట. పడమటి గట్టున ప్రెసిడెంటు కొడుకులు ఊరి మొగదల ఒక ఆర్చి కట్టారని నాకు తెలుసు. దాని మీద సిమెంటు గంగాళం, గరిట పట్టుకున్న తాత ఉన్నాడు, తలపాగాకి పచ్చ రంగు వేశారు.

నువ్వయినా చెప్పలేదా అని అడిగాను.

"గీసింది నేనే గదా, నాకు తెలవదా? చెప్పినాను ఒకసారి. నీకు మతి లేదు అవ్వా అన్నారు."

ఆమె పిడికెడు చేపలు కొసరు వేసి పొట్లం కట్టింది. అందులో ఏవేవో కలిశాయి, మంచివి చూసి కట్టలేదు. ఆ మరుసటి ఏడు పోయిందని ఎవరో చెప్పగా విన్నాను.

అయ్యవారు ఎక్కడ పోయారో నాకు తెలియదు. మా ఊరి బడికి ఇప్పుడు మేడ ఉంది, ఐదో తరగతి ఉంది, పిల్లలే తక్కువ. రెండు గట్లలోనూ గంజి సంగతి అందరికీ తెలుసు, ఎవరి గట్టుది వాళ్ళకి. ఒకే సంగతి అడిగి రమ్మని పిల్లల్ని మూడిళ్ళకి పంపడం ఇప్పుడు ఎవరూ చేయరు.